గొంతులో కాపురం

కాన్పుల గదిలో పెద్దక్క మాస్కును గడ్డం కిందికి లాగిందంటే ఆయాలు చెప్పకుండానే తువ్వాళ్లు అందుకునేవాళ్లు. ఇంక ఎంతోసేపు పట్టదని దానర్థం.

ఆమె పద్ధతి అది. నొప్పులు పడుతున్న మనిషి కళ్లు మూసుకుని తల అటూ ఇటూ కొట్టుకుంటుంటే, ఆ మొహానికి జానెడు దూరంలో పెద్దక్క తన మొహం పెట్టేది. "నన్ను చూడు. పైకప్పు వైపు చూడకు, అక్కడేం రాసిపెట్టి లేదు. నా మూతి చూడు. పీల్చు. ఊఁ, ఇప్పుడు ఊదు. వేడి పాలు ఊదుకుంటామే, అలా." తనూ పీల్చేది, తనూ ఊదేది. కాసేపటికి ఇద్దరి ఊపిరీ ఒక్క తీరున నడిచేది. అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నవాళ్లు, మొగుణ్నీ డాక్టర్లనీ కలిపి తిట్టినవాళ్లు కూడా ఆ జానెడు దూరంలోకి వచ్చేసరికి కుదురుకునేవాళ్లు.

మాస్కు ముక్కు మీద ఉండాలన్నది రూలు. హెడ్ నర్సు దాన్ని బొమ్మతో సహా గోడకి అంటించింది. ఒకసారి అడిగింది కూడా.

"మూతి కనపడకుండా ఊదడం ఎలా నేర్పను? సన్నాయిని సంచిలో పెట్టి వాయించమన్నట్టుంది" అంది పెద్దక్క.

హెడ్ నర్సు నవ్వింది. ఆ తర్వాత ఆ గదిలోకి వచ్చినప్పుడల్లా పెద్దక్క వైపు కాకుండా గడియారం వైపు చూడటం అలవాటు చేసుకుంది.

పెద్దక్క అన్నది అమ్మా నాన్నా పెట్టిన పేరు కాదు. నర్సుగా చేరిన కొత్తలో ఆ వార్డులో అందరికంటే చిన్నది ఆమే. అయినా అందరి మీదా పెత్తనం చేసేదని ఎవరో వెక్కిరింపుగా అలా పిలిచారు. వయసు నెమ్మదిగా వచ్చి పేరుకి సరిపోయింది. ఇప్పుడు ఇంకో మూడేళ్లలో రిటైరవుతుంది.

ఇల్లు ఆసుపత్రికి రెండు వీధుల అవతల, టైర్ల కొట్టు మీద రెండు గదులు. మధ్యాహ్నం ఎండకి రబ్బరు వాసన పైకి వస్తుంది. ఆమె భర్త కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. మెట్ల కింద మంచమంత జాగాలో ఆయన కొట్టు. కూతురు కూడా వీళ్లతోనే ఉంటుంది. అల్లుడు సరుకుల లారీ తోలతాడు, ఇంట్లో కంటే రోడ్డు మీద ఎక్కువ. వాళ్లకి నాలుగేళ్ల పాప. నోరు మూయదు కాబట్టి తాతయ్య దానికి పిచ్చుక అని పేరు పెట్టాడు. అది తల్లి పక్కన కాదు, అమ్మమ్మ మెడలో మొహం పెట్టుకుని పడుకుంటుంది. తాను కొరికిన బిస్కెట్టు అమ్మమ్మ తినాలి, అమ్మమ్మ తాగిన గ్లాసులోనే తను తాగాలి.

కూతురు మళ్లీ కడుపుతో ఉంది. ఏడో నెల.

పిచ్చుక పుట్టినప్పుడు బొడ్డుతాడు మెడకి చుట్టుకుని చాలాసేపు కష్టమైంది. ఆ రోజు కూతురి మొహానికి ఎదురుగా ఉన్నది పెద్దక్కే. "నీ మూతి తప్ప నాకింకేం గుర్తు లేదమ్మా. ఈసారి కూడా నువ్వు లేకపోతే నేను కననంతే" అంది కూతురు, కాళ్లు చాపుకుని కూర్చుని చిన్న చొక్కాకి గుండీలు కుడుతూ.

"కనకుండా ఎన్నాళ్లు దాస్తావే? లోపలే బడిలో వేయిస్తావా?"

"వేయిస్తాను. నువ్వు మాటివ్వు."

"ఇచ్చానమ్మా. నేను కాకపోతే ఎవరుంటారు?"

అది మాటివ్వాల్సిన సంగతి అని కూడా పెద్దక్కకి అనిపించలేదు.

*

ఒకే వారంలో ఇద్దరు బాలింతలకి జ్వరం వచ్చింది. కాన్పయిన మూడో రోజుకి చలి, పొత్తికడుపులో నొప్పి, ఒళ్లు కాలిపోవడం. బాలింతకి జ్వరం అన్న మాట ఆ వార్డులో ఎవరూ గట్టిగా అనరు. ఇద్దరికీ నరానికి మందెక్కించారు. ఇద్దరూ తేరుకున్నారు. కానీ ఇద్దరి రక్తంలోనూ పెరిగింది ఒకటే క్రిమి అని ల్యాబు డాక్టరమ్మ చెప్పింది. స్ట్రెప్టోకాకస్. మామూలుగా గొంతునొప్పి తెచ్చేది.

ల్యాబు డాక్టరమ్మ సన్నగా, కళ్లజోడుతో, ఎప్పుడూ ఆవలింత ఆపుకుంటున్నట్టు ఉంటుంది. కాన్పుల వార్డు మెట్లెక్కి వచ్చి అందరినీ పిలిచి నిలబెట్టింది. "ఎవరినీ తప్పు పట్టడానికి కాదు. కొందరి గొంతులో ఇది ఏ జబ్బూ చెయ్యకుండా ఊరికే ఉంటుంది. వాళ్లకే తెలియదు. రేపు పొద్దున అందరి గొంతులోంచీ దూదిపుల్లతో తీస్తాను."

మర్నాడు చేతులు కడుక్కునే గదిలో గోలగోలగా ఉంది.

"నేను పొద్దున్నే ఉల్లిపాయ తిన్నాను. ఆ డాక్టరు పిల్ల మొహం ముందు నోరెలా తెరవనే?" అంది ఒక ఆయా.

"నీకు ఉల్లిపాయే. నాకు పన్ను పుచ్చి పది రోజులైంది. పాపం, పడిపోతుంది" అంది ఇంకో నర్సు.

పెద్దక్క అలమరలోంచి నీలం సీసా తీసింది. ఆపరేషనయిన వాళ్లు నోరు పుక్కిలించే మందు. మూత తీసి వరసగా కప్పుల్లో పోసింది. "పుక్కిలించండర్రా. పెళ్లిచూపులకి కూర్చునే పిల్ల మొహం కడుక్కోకుండా కూర్చుంటుందా? గొంతు దాకా పోనివ్వండి."

అందరూ తలలు వెనక్కి వాల్చి గరగరలాడించారు. ఒకామె ఆ గరగరలోనే పాట కట్టింది. నవ్వు ఆపుకోలేక ఇంకొకామె గోడ మీద ఉమ్మేసింది. పెద్దక్క రెండుసార్లు పుక్కిలించి, ఆపైన పళ్లు కూడా తోముకుంది.

ఎవరి గొంతులోనూ ఏమీ లేదని ఫలితం వచ్చింది. "శుభ్రతంటే మన వార్డే" అని హెడ్ నర్సు పక్క వార్డు వాళ్లకి వినపడేలా అంది. అనుమానం కుళాయిల మీదికి, పరుపుల మీదికి పోయింది. కుళాయిలు మార్చారు. పరుపుల తొడుగులు కాల్చేశారు. పెద్దక్క ఎప్పటిలా పనిలో పడింది.

ఆ తర్వాత వచ్చింది బళ్లో లెక్కలు చెప్పే టీచరు. మొదటి కాన్పు. నొప్పుల మధ్య ఎడం ఎంతుందో తనే లెక్కపెట్టి చెప్పేది. "లెక్కలు రేపు వేసుకుందువుగాని, ఇప్పుడు ఊదు" అని పెద్దక్క అంటే, అంత నొప్పిలోనూ నవ్వింది. ఆ నవ్వులోనే బిడ్డ తల కనపడింది. మగపిల్లాడు. "మీరు లేకపోతే నాకు సమాధానం వచ్చేది కాదండీ" అంది టీచరు, పెద్దక్క చెయ్యి పట్టుకుని.

మూడో రోజు ఆమెకి చలి మొదలైంది. నాలుగో రోజు పొద్దునకి కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి. మందులన్నీ ఎక్కించారు. మధ్యాహ్నం దాటలేదు.

*

ల్యాబు డాక్టరమ్మ మళ్లీ మెట్లెక్కి వచ్చింది. ఈసారి ఎవరినీ వరసలో నిలబెట్టలేదు. బల్ల అంచు మీద కూర్చుని నెమ్మదిగా అడిగింది. "ఆ రోజు నేను రాకముందు మీరు ఏమైనా తాగారా? నోట్లో ఏమైనా పోసుకున్నారా?"

ఒక ఆయా పెద్దక్క వైపు చూసింది.

"మనిషి గొంతంటే సంతలాంటిది. ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు, మంచివాళ్లో చెడ్డవాళ్లో. మీ గొంతుల్లో ఎవరూ లేరు. ఉండాల్సిన వాళ్లు కూడా లేరు. ముందు ఫలితం రాసేటప్పుడే నాకు తట్టాల్సింది. తట్టలేదు."

"నేనే పుక్కిలించమన్నానమ్మా" అంది పెద్దక్క.

"ఎందుకు?"

"మీకు వాసన రాకూడదని."

డాక్టరమ్మ కళ్లజోడు తీసి కోటు అంచుతో తుడుచుకుంది. తుడవడానికి అంత మురికేం లేదు, అయినా చాలాసేపు తుడిచింది.

మళ్లీ తీశారు. ఈసారి ఎవరూ మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఇద్దరు నర్సుల గొంతులో, ఒక ఆయా గొంతులో ఆ క్రిమి ఉందని తేలింది. ఆ ఇద్దరు నర్సుల్లో ఒకరు పెద్దక్క.

ల్యాబులో డాక్టరమ్మ ఆమెకి గాజుపళ్లెం చూపించింది. లోపల రక్తం కలిపిన ఎర్రటి జెల్లీ. దాని మీద ఆవగింజలో సగం కూడా లేని తెల్లటి చుక్కలు. ఒక్కో చుక్క చుట్టూ ఎరుపు పోయి అద్దంలా తేటగా అయిన ఉంగరం. దాని కిందున్న బల్ల కూడా కనిపిస్తోంది.

"ఇవి నావా?"

"మీవే. ఆ ఉంగరాల మేర రక్తాన్ని కరిగించేశాయి."

"నాకు గొంతు నొప్పి కూడా లేదమ్మా. జలుబన్నా లేదు."

"ఉండదు. మీతో దానికి గొడవ లేదు. అద్దె కట్టకుండా కాపురం పెట్టింది, అంతే."

"మరి ఆ ముగ్గురి దగ్గర కాపురం ఎందుకు పెట్టలేదు?"

డాక్టరమ్మ కుర్చీ జరిపి కూర్చోబెట్టింది. "కాన్పయినప్పుడు లోపలంతా పచ్చిపుండు కదా. గొంతులో ఊరికే ఉన్నది అక్కడ ఊరికే ఉండదు. ఇంకొకటి, ఇవన్నీ పైకి ఒకేలా కనిపిస్తాయిగానీ వీటిలో రెండొందల పైచిలుకు రకాలున్నాయి. కొన్ని గొంతుతో సరిపెట్టుకుంటాయి, కొన్ని చర్మం మీద పుండ్లు చేస్తాయి, కొన్ని రక్తంలోకి దిగడానికి కాచుకుని ఉంటాయి. మీ ముగ్గురివీ ఆ బాలింతలవీ ఒకటే రకమో కాదో జన్యువులు చదివితేగానీ తెలియదు. పెద్ద ల్యాబుకి పంపాను. అది తేలేదాకా మీరు కాన్పుల గదిలోకి వెళ్లకూడదు."

పెద్దక్క పళ్లెం వైపే చూస్తోంది. "నాది వేరే రకం అయ్యుండొచ్చు కదా?"

"అయ్యుండొచ్చు."

అలా కాలేదు. ఫలితం వచ్చిన రోజు డాక్టరమ్మ తలుపు వేసి చెప్పింది. ఇంకో నర్సుదీ ఆయాదీ వేరే వేరే రకాలు, ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. ఆ ముగ్గురు బాలింతలదీ పెద్దక్కదీ మాత్రం ఒకటే. "పద్దెనిమిది లక్షల అక్షరాల పుస్తకం అనుకోండి. నాలుగు ప్రతులు. ఒకదానికీ ఇంకోదానికీ ఒకటి రెండు అక్షరాలు తేడా, అంతే."

"అంటే అందరికీ నా నుంచే."

"అలా చెప్పలేను. మొదటి ఆమె బయటి నుంచి తెచ్చుకుని ఉండొచ్చు. ఆమె నుంచి మీకు, మీ నుంచి మిగతావాళ్లకి వచ్చి ఉండొచ్చు. లేదా మీరే మొదలు. ఈ చదువుకి చుట్టరికం తెలుస్తుంది పెద్దక్కా. ఎవరి నుంచి ఎవరికి అన్న బాణం గుర్తు మాత్రం అందులో ఉండదు."

"టీచరమ్మకి?"

డాక్టరమ్మ చేతిలో కాగితం మడిచింది. "ఆమెకి ఎంత దగ్గరగా ఉన్నారు?"

పెద్దక్క బొటనవేలూ చిటికెన వేలూ చాపి చూపించింది.

*

ఆమెని నేలమాళిగలో ఉన్న బట్టల గదికి మార్చారు. ఉతికి వచ్చిన దుప్పట్లు మడతపెట్టి వార్డుల వారీగా సర్దాలి. గోడ వెంబడి వేడినీళ్ల గొట్టాలు, పైన ఒకటే కిటికీ, అందులోంచి దారిన పోయేవాళ్ల చెప్పులు కనిపిస్తాయి. ఆ గొట్టాలు పై అంతస్తులోని చప్పుళ్లని కిందికి మోసుకొస్తాయి. నిలబడి దుప్పటి మడతపెడుతూ పెద్దక్క ఒక్కోసారి ముక్కుతో పీల్చి నోటితో ఊదేది.

"దుప్పట్లకి కూడా ఊదడం నేర్పుతున్నావా పెద్దక్కా?" అన్నాడు బట్టలుతికే మిషన్ల మనిషి. "ఇవి కంటే గింటే దిండ్లే కంటాయి."

ఆమె నవ్వింది. అతనికి సంగతి తెలుసు. ఆసుపత్రిలో తెలియనివాళ్లెవరూ లేరు.

ఇంట్లో అందరి గొంతులూ చూశారు. కూతురికి ఏమీ లేదు. పిచ్చుకకి ఉంది, అమ్మమ్మ రకమే. తాతయ్యకీ ఉంది, కానీ ఆయనది పూర్తిగా వేరే రకం అన్నారు.

"చూశావా, ముప్పై ఏళ్లు ఒకే కప్పు కింద ఉన్నా నాది వేరే పార్టీయే" అన్నాడాయన.

"మీకు గొంతులో కూడా సొంత అభిప్రాయమేనండీ" అంది పెద్దక్క. టీచరు పోయాక ఆ ఇంట్లో నవ్వు వినపడటం అదే మొదటిసారి. అది కూడా ఎక్కువసేపు నిలవలేదు. ఎందుకంటే డాక్టరమ్మ చెప్పిన మిగతా మాట పెద్దక్క ఇంకా వాళ్లకి చెప్పలేదు.

కాన్పయ్యేదాకా కూతురు ఈ ఇంట్లో ఉండకూడదు. మిగిలిన ముగ్గురూ మందు వాడాలి. ఆ తర్వాత వరసగా రెండుసార్లు గొంతులో ఏమీ లేదని తేలితే పెద్దక్క పైకి వెళ్లొచ్చు.

"తేలుతుంది కదా?" అంది కూతురు.

"మందేసుకుంటే పోదా ఏంటి?"

"నేను నీ గురించి అడుగుతున్నానమ్మా, మందు గురించి కాదు."

"ఇంకా నెల పైన టైముంది. వస్తాను. మాటిచ్చానుగా."

కూతురు ఊరికి ఆ చివర ఉన్న అత్తగారింటికి బయల్దేరింది. బస్టాపు దాకా అందరూ వెళ్లారు. పెద్దక్క నాలుగడుగులు వెనక, మాస్కుతో. పిచ్చుక తల్లి కొంగు పట్టుకుని వదల్లేదు. "నేను గొంతు కడిగేసుకున్నానమ్మా. సబ్బుతో. చూడు, ఆ... నేనూ వస్తాను" అని నోరు తెరిచి చూపించింది. నిజంగానే సబ్బు వాసన వచ్చింది. తాతయ్య దాన్ని ఎత్తుకుని టైర్ల కొట్టు వైపు తిరిగాడు. కూతురు బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపింది, ఎవరికో తెలియలేదు.

*

మందు కోర్సు పూర్తయింది. గుళికలు టైము తప్పకుండా వేసుకుంది. పిచ్చుకకి గులాబిరంగు సిరప్పు, ప్రతి పూటా ఒక యుద్ధం. దూదిపుల్ల ఫలితం శుభ్రం అని వచ్చింది. నోరు పుక్కిలించలేదు కదా అని డాక్టరమ్మ అడిగితే, "ఉమ్మి కూడా మింగలేదమ్మా" అంది పెద్దక్క. ఆ రోజు బట్టల గదిలో కాన్పుల వార్డు దుప్పట్లు మిగతావాటికంటే నున్నగా మడతపడ్డాయి. కూతురికి ఫోను చేసి "ఒకటి అయింది, ఇంకొకటే" అంది.

రెండోసారి మళ్లీ ఉంగరాలు వచ్చాయి. రకం అదే.

"పోయి మళ్లీ వచ్చిందా? అసలు పోలేదా?"

"తెలియదు పెద్దక్కా. కొందరిలో మందుకి దొరకని మూలల్లో దాక్కుంటుంది. లేదా ఇంట్లో ఒకరికి పోయేలోపు ఇంకొకరి నుంచి మళ్లీ వస్తుంది. పాపది మళ్లీ చూద్దాం. ఈసారి వేరే మందు కూడా కలుపుతాను."

పాప గొంతులోనూ ఉంది. పెద్దక్క మంచం మానేసి అవతలి గోడ పక్కన చాప వేసుకుంది. గ్లాసులు విడివిడిగా పెట్టింది. పిచ్చుక కొరికిన బిస్కెట్టు చాపితే చేతులు వెనక్కి పెట్టుకుంది. పిల్ల ఆ బిస్కెట్టు వైపూ అమ్మమ్మ వైపూ చూసి, "నేను చెడ్డదాన్నా?" అంది. అయినా తెల్లారేసరికి అది చాప మీదికి వచ్చేసి, ఎప్పటిలా మెడలో మొహం పెట్టుకుని ఉండేది. పక్కకి జరిపితే నిద్రలోనే మళ్లీ అంటుకునేది.

"దాన్ని కట్టేసి పడుకోబెట్టనా?" అన్నాడు తాతయ్య విసుగ్గా.

"నన్ను కట్టెయ్యండి" అంది పెద్దక్క.

కొత్త గుళికలు వేసుకుంటుండగానే ఒకాయన బట్టల గది వెతుక్కుంటూ వచ్చాడు. భుజం మీద నెలల పిల్లాడు. టీకా వేయించడానికి తెచ్చానని, పైన అడిగితే ఇక్కడ ఉన్నారన్నారని చెప్పాడు. టీచరు భర్త. పెద్దక్క మాస్కు సర్దుకుని దుప్పట్ల బల్ల అవతలికి వెళ్లింది.

"మా ఆవిడ మీ గురించే చెప్పేదండీ, ఆ రెండు రోజులూ. మీరు తనతో పాటే ఊపిరి తీశారట. ఒక్కసారి వచ్చి చెప్పి పోదామని."

పెద్దక్క బల్ల మీది దుప్పట్ల దొంతర సర్దింది.

"వీణ్ని మొదట పట్టుకున్నది మీరే కదా. ఎత్తుకుంటారా?"

పిల్లాడు ఆమె వైపు వాలుతున్నాడు. ఆమె దుప్పటి ఒకటి అందుకుని గుండెకి అడ్డంగా పట్టుకుంది. "చేతులు బాగాలేవండీ" అంది.

ఆయన నొచ్చుకోలేదు. దండం పెట్టి వెళ్లిపోయాడు. ఇన్ఫెక్షన్ అని డాక్టర్లు ఆయనకి చెప్పారు. ఎక్కడి నుంచి అన్నది చెప్పలేదు. ఖాయంగా తెలియనిది చెప్పకూడదని పై అధికారుల నుంచి మాట వచ్చిందట. ఆయన చెప్పులు కిటికీలోంచి దాటి వెళ్లేదాకా పెద్దక్క నిలబడే ఉంది. ఆ దుప్పటిని మళ్లీ ఉతకడానికి వేసింది. ఆ సాయంత్రం ల్యాబుకి వెళ్లి, "ఆయనకి చెప్పాలా అమ్మా?" అని అడిగింది.

"ఏమని చెబుతారు?"

"అదే తెలియట్లేదు."



*

కూతురికి చెప్పిన తేదీకంటే ముందే నొప్పులొచ్చాయి. పట్టపగలు, అత్తగారు ఆటోలో తీసుకొచ్చింది. కబురు గొట్టాల కంటే ముందే కిందికి వచ్చింది. పెద్దక్క చేతిలో దుప్పటి అలాగే వదిలేసి ల్యాబుకి పరుగెత్తింది. రెండో మందయ్యాక తీసిన మొదటి దూదిపుల్ల ఫలితం ఇంకా రాలేదు.

డాక్టరమ్మ వెచ్చటి పెట్టె తెరిచి పళ్లెం బయటికి తీసింది. దీపానికి ఎదురుగా పెట్టి చూసింది. పెద్దక్కకి అందించింది. ఉంగరాలు తక్కువే. కానీ ఉన్నాయి.

"రెండు మాస్కులు పెట్టుకుంటానమ్మా. తలవైపు నిలబడతాను, చెయ్యి కూడా వెయ్యను. మాట్లాడను. కనపడితే చాలు."

"పెద్దక్కా..."

"అది నా కూతురు."

"మీ స్థానంలో ఇంకో నర్సు ఉండి, ఇలాగే అడిగితే మీరు లోపలికి పంపేవారా?"

పెద్దక్క పళ్లేన్ని బల్ల మీద పెట్టింది. జాగ్రత్తగా, మూత వైపు కిందికి వచ్చేలా, వాళ్లు పెట్టే పద్ధతిలోనే.

"పంపను" అంది.

కాన్పుల గది తలుపుకి పైన గుండ్రటి అద్దం ఉంటుంది, పళ్లెమంత. ఇన్నేళ్లలో పెద్దక్క దాన్ని లోపలి నుంచే చూసింది. బయట నిలబడి మడమలెత్తితే బల్ల కనిపిస్తోంది. కూతురి జుట్టు చెమటకి నుదుటికి అంటుకుంది. పక్కన కొత్తగా చేరిన చిన్న నర్సు, మాస్కు ముక్కు మీదికి కళ్ల దాకా బిగించుకుని, చెయ్యి పట్టుకుని ఏదో చెబుతోంది. టీచరు పోయాక ఇప్పుడు ఆ గదిలో ఎవరూ మాస్కు దించరు. కూతురు ఆ అమ్మాయి వైపు చూడటం లేదు. పైకప్పు వైపు చూస్తోంది. తల అటూ ఇటూ కొట్టుకుంటోంది.

పెద్దక్క గోటితో అద్దాన్ని తట్టింది.

మూడోసారికి కూతురు తల తిప్పింది. చూసింది. ఆ చూపు పెద్దక్క కళ్ల మీద ఆగలేదు, కిందికి దిగింది, మాస్కు దగ్గర ఆగిపోయింది. అక్కడేమీ లేదు. "అమ్మా" అన్నట్టు కూతురి పెదాలు కదిలాయి.

తలుపు గట్టిగా మూసి ఉంది. చుట్టూ రబ్బరు పట్టీ ఉంది. వెనక్కి చూసింది, నడవాలో ఎవరూ లేరు. పెద్దక్క మాస్కును గడ్డం కిందికి లాగింది.

ముక్కుతో పీల్చింది. లోపల కూతురు పీల్చింది, ఆమె గుండె పైకి లేవడం కనిపించింది. ఊఁ, ఇప్పుడు ఊదు. పెద్దక్క ఊదింది. అద్దం మీద తెల్లటి ఆవిరి పరుచుకుంది.

గబగబా చేతి అంచుతో తుడిచింది. కూతురు వెతుక్కుంటోంది. పీల్చు. ఊదు. మళ్లీ ఆవిరి. తుడిచింది. పక్కకి తిరిగి ఊదింది. అలా చేస్తే లోపలికి చెవి తప్ప కనపడదు. ఊపిరి బిగబడితే అద్దం నెమ్మదిగా తేటపడుతోంది, అంచుల నుంచి మధ్యకి. అప్పుడు కూతురు కనిపిస్తోంది. కానీ అప్పుడు చూపించడానికి ఆమె దగ్గర ఊపిరి లేదు. ఊదితే కూతురు ఉండటం లేదు.

అలా ఎంతసేపు చేసిందో. వెనక బకెట్టు చప్పుడయింది. ఆ రోజు ఉల్లిపాయ తినొచ్చిన ఆయా, చేతిలో మందునీళ్ల గుడ్డ. ఆమె పెద్దక్క మొహం వైపు చూడలేదు. అద్దం మీది ఆవిరి వైపు చూసింది.

"పెద్దక్కా, కొంచెం జరుగు. అది తుడవాలి."

పెద్దక్క జరిగింది. మాస్కు పైకి లాగి ముక్కు మీద నొక్కుకుంది. ఆయా అద్దాన్ని తుడిచింది, తర్వాత తలుపు పిడిని, తర్వాత తలుపు చెక్కని పెద్దక్క గడ్డం ఎత్తు నుంచి నేల దాకా. మందు వాసన నడవా అంతా అలుముకుంది. లోపల చిన్న నర్సు "ఊదండి, ఊదండక్కా" అంటోంది. మాస్కు అడ్డంగా ఉండటంతో ఆ గొంతు మందంగా వస్తోంది.

కాసేపటికి బిడ్డ ఏడుపు వినపడింది. గట్టి ఏడుపే. ఆయా గుడ్డ పిండుతూ ఆగి, "ఊపిరి బాగుంది" అంది.

పెద్దక్క తల ఊపింది. అద్దం తడి ఆరేదాకా దగ్గరికి వెళ్లకూడదని ఆమెకి తెలుసు. గోడకి ఆనుకుని, రెండు చేతులూ వెనక పెట్టుకుని, అది ఆరడం చూస్తూ నిలబడింది.